కేక పెట్టించేది వేగం కాదు

ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ వైపు బయలుదేరే మెట్రో రైలు గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకోగలదు. అందులో ఎవరూ కేకలు పెట్టరు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లు దాటుతున్నా చాలామంది ఫోన్‌లోంచి తల ఎత్తరు. కొందరు నిలబడే కునుకు తీస్తారు. అదే ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్ మీదుగా వెళ్లి ఔటర్ రింగ్ రోడ్డు అందుకుంటే రావిర్యాల దగ్గరికి చేరతాం. 2016లో అక్కడ తెరిచిన వండర్‌లా పార్కులో రికాయిల్ అనే రోలర్ కోస్టర్ ఉంది. ఆ నమూనా కోస్టర్ల గరిష్ఠ వేగం గంటకు సుమారు 76 కిలోమీటర్లు. అంటే మన మెట్రో అందుకోగలిగే వేగం కన్నా కాస్త తక్కువే. అయినా అందులో కూర్చున్నవాళ్లు గొంతు చించుకుని అరుస్తారు, దిగాక నవ్వు ఆపుకోలేరు, కొందరు మళ్లీ క్యూలోకి పరుగెడతారు. ఒకే వేగం ఒకచోట నిద్ర పుచ్చుతుంది, ఇంకోచోట కేక పెట్టిస్తుంది. ఎందుకు? ఈ పూట మాట్లాడుకోబోయేది దాని గురించే.

రోలర్ కోస్టర్ల గురించి ఏ ప్రకటన చూసినా మూడు అంకెలే ముందుకొస్తాయి. ఎంత ఎత్తు, ఎంత వేగం, ఎన్నిసార్లు తలకిందులు. పిల్లలు వాదించుకునేది కూడా వీటితోనే. అంకె చెప్పడం తేలిక, పోల్చడం ఇంకా తేలిక, అందుకే ఆ మూడే కొలబద్దలైపోయాయి. అవి ఇంజినీరుకు అవసరమైన కొలతలే తప్ప ఎక్కినవాళ్ల ఆనందానికి కొలతలు కావని నా వాదన. ఆనందం ఉన్నది మార్పులో. క్షణక్షణానికీ మన ఒంటి బరువు ఎలా మారుతోంది, ఆ మార్పును మనం ముందుగా ఎంతవరకు పసిగట్టగలిగాం, పసిగట్టిన దానికీ జరిగిన దానికీ ఎంత తేడా వచ్చింది. కోస్టర్ గీసేవాళ్ల నైపుణ్యమంతా ఇక్కడే కనిపిస్తుంది. ఈ దృష్టితో చూస్తే ఒక రకం కోస్టర్‌కూ మరో రకానికీ ఉన్న అసలు తేడాలు తెలుస్తాయి, మన రావిర్యాల కోస్టర్ విలువ కూడా తెలుస్తుంది.

ముందు శరీరం సంగతి. వేగాన్ని నేరుగా పసిగట్టే అవయవం మనిషికి లేదు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది, మనకు ఆ స్పృహే ఉండదు. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం కదిలి, ఎటు తిరిగామో మెదడుకు చెబుతుంది. వాటి పక్కనే సన్నని సున్నపు స్ఫటికాలు నిండిన రెండు చిన్న సంచులు ఉంటాయి. ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ వేగం మారినప్పుడు ఆ స్ఫటికాలు ఒరిగి కబురు పంపుతాయి. ఈ ఏర్పాటంతా మార్పును పట్టుకోవడానికే. ఒకే తీరున సాగే ప్రయాణం దానికి కదలకుండా కూర్చోవడంతో సమానం. మెట్రోలో కునుకు పట్టేది అందుకే. బరువు అని మనకు తెలిసేది కూడా నిజానికి కుర్చీ మనల్ని కింది నుంచి నెట్టే బలమే. కోస్టర్ లోయలోకి దిగి మళ్లీ పైకి లేచే చోట ఆ నెట్టుడు మూడు రెట్లు కావచ్చు. అప్పుడు అరవై కిలోల మనిషి నూట ఎనభై కిలోల మనిషిలా సీటుకు అతుక్కుపోతాడు. గుట్ట శిఖరం దాటే చోట అదే బలం సున్నాకు పడిపోతుంది. ఒళ్లు సీటు మీంచి లేస్తుంది, కడుపులోని అవయవాలు కూడా తేలినట్టవుతాయి. గుండె జారిపోయింది అని మనం చెప్పుకునే అనుభవం అదే. కోస్టర్ ప్రియులు దాన్ని ఎయిర్‌టైమ్ అంటారు. ఆ ఒకటి రెండు సెకన్ల కోసం దేశాలు తిరిగేవాళ్లున్నారు, వాళ్లను చూసి ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో ఇంటర్ పిల్లలు ఏటా నేర్చుకునే లెక్కలు రెండు ఇక్కడ మనకు సాక్ష్యం చెబుతాయి. మొదటిది, పై నుంచి దిగే వస్తువు వేగం. అది ఎత్తుతో సమానంగా పెరగదు, ఎత్తు వర్గమూలంతో పెరుగుతుంది. ఘర్షణను పక్కన పెడితే 20 మీటర్ల ఎత్తు నుంచి దిగే బండి గంటకు దాదాపు 71 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఎత్తు 40 మీటర్లు చేస్తే 142 వస్తుందని ఆశపడతాం, వచ్చేది 101. ఎత్తు రెట్టింపైనా వేగం పెరిగేది నూటికి నలభై చొప్పున మాత్రమే. ఎత్తు పెంచుకుంటూ పోవడం ఎంత ఖరీదైన దారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రెండోది నిలువు వృత్తంలో చలనం. వృత్తం పైకొనలో పడిపోకుండా ఉండటానికి చాలినంత వేగమే ఇచ్చినా, అడుగుకు వచ్చేసరికి మనిషి మీద తన బరువుకు ఆరు రెట్ల బలం పడుతుంది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఆ ఆరు రెట్లు తప్పవు. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్‌ను నిజంగానే గుండ్రని లూప్‌తో కట్టారు. అందులో బలం పన్నెండు రెట్ల దాకా పోయేదని చెబుతారు. మెడనొప్పులు తెచ్చిన ఆ బండి కొన్నేళ్లకే మూతపడింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ వచ్చింది. జర్మన్ ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ దానికి గుండ్రని లూప్ కాకుండా, పైన ఇరుకుగా అడుగున విశాలంగా ఉండే నీటిబొట్టు ఆకారం ఇచ్చారు. లోపలికి పోయేకొద్దీ వంపు మెల్లగా బిగుస్తుంది కాబట్టి బలం ఒక్కసారిగా మీద పడదు. పైన వంపు ఇరుకు కాబట్టి మరీ ఎక్కువ వేగం లేకుండానే బండి తిరిగేస్తుంది. ఇప్పుడు పోల్చండి. 1895 నాటి బండీ ఒక్కసారే తలకిందులు చేసింది, 1976 నాటిదీ ఒక్కసారే. ఒకటి మెడ పట్టేయించింది, రెండోది యాభై ఏళ్లుగా కోస్టర్లు కట్టేవాళ్లకు పాఠ్యపుస్తకం అయింది. తలకిందుల లెక్క రెండింటికీ ఒకటే, వంపు ఆకారం వేరు.

ఇంకా వెనక్కి వెళితే వేగం పాత్ర మరీ చిన్నదని తెలుస్తుంది. 18వ శతాబ్దంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాల్లో ఎత్తైన చెక్క వాలు కట్టి, దాని మీద నీళ్లు గడ్డకట్టించి జారేవారు. 1817లో పారిస్‌లో ఆ వాలు పట్టాలకు, చక్రాలకు మారింది. 1884లో లామార్కస్ థాంప్సన్ అనే అమెరికన్ కోనీ ఐలాండ్‌లో అయిదు సెంట్ల టికెట్టుతో ఒక బండి నడిపారు. దాని వేగం గంటకు పది కిలోమీటర్లు. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద సైకిల్ తొక్కే పిల్లవాడు అంతకన్నా వేగంగా పోతాడు. అయినా జనం బారులు తీరారు. నేల మీద నడిచే ఒళ్లు ఎత్తు నుంచి కిందికి జారి, ఆ ఊపుతోనే మళ్లీ పైకి లేవడం వాళ్లకు కొత్త. కొత్తదనం ఉన్నచోట పది కిలోమీటర్లు చాలాయి.

ఇక రకాల మాట. అన్నిటికన్నా పెద్ద తేడా చెక్క కోస్టర్‌కూ ఉక్కు కోస్టర్‌కూ మధ్య ఉంది. 1927లో కోనీ ఐలాండ్‌లోనే వచ్చిన సైక్లోన్ చెక్క ట్రాక్ మీద పరుగెడుతుంది. ఎత్తు 26 మీటర్లే, నేటికీ నడుస్తోంది. చెక్క కాస్త వంగుతుంది, కిర్రుమంటుంది, ప్రతి మలుపులోనూ ఒంటిని పక్కకు విసురుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఒకలా పరుగెడుతుంది, చలి ఉదయం మరోలా. దాని మీద పోయేవాళ్లకు అంతా గట్టిగానే ఉందా అన్న అనుమానం ఒక మూల కదులుతూ ఉంటుంది. చెక్క కోస్టర్ బలం ఆ అనుమానమే. 1959లో డిస్నీలాండ్‌లో మాటర్‌హార్న్ ఉక్కు గొట్టాలతో ట్రాక్ వేసినప్పుడు రెండో దారి తెరుచుకుంది. గొట్టాన్ని ఎటైనా వంచవచ్చు, మెలితిప్పవచ్చు, అంగుళం తేడా లేకుండా లెక్క ప్రకారం కట్టవచ్చు. కుదుపు పోయింది, దాని బదులు ఆకారాలు వచ్చాయి. 1992లో షికాగో సమీపంలోని పార్కులో బ్యాట్‌మన్ కోస్టర్ బండిని ట్రాక్ కింద వేలాడదీసింది. కాళ్లు గాల్లో ఆడుతూ పోతాయి. మన దేశంలో ముంబై, పుణె మధ్య ఖోపోలీ దగ్గర ఉన్న ఇమాజికాలో 2013లో వచ్చిన నైట్రోకు బండి అడుగున పలకే ఉండదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ట్రాక్ ఆకారం మార్చకుండా, ఎత్తు పెంచకుండా, పాదాల కింద నేలను తీసేసినంత మాత్రాన అనుభవం మారిపోయింది. బండికి తగిలే బలాల్లో తేడా లేదు. మన కంటికి, కాలికి అందే కబురులో ఉంది.

ఇప్పుడు రావిర్యాలకు వద్దాం. రికాయిల్ నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ తయారుచేసే బూమరాంగ్ నమూనా కోస్టర్. ఆ నమూనాలో ట్రాక్ పొడవు 285 మీటర్లు, ఎత్తు దాదాపు 35 మీటర్లు. కాగితం మీద చూస్తే చిన్నదే. దాని పనితనం మాత్రం వినదగ్గది. చాలా కోస్టర్లలో ట్రాక్ తిరిగి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ఇందులో అలా కలవదు, రెండు కొసలూ ఆకాశంలోకి లేచి ఆగిపోతాయి. బండిని మొదట వెనక్కి ఒక కొస మీదికి లాగుతారు. కూర్చున్నవాళ్ల ముఖాలు నేలవైపే ఉంటాయి. ఎక్కిన స్టేషన్ చిన్నదవుతూ కళ్లముందే కనిపిస్తుంటుంది, ఎక్కడి నుంచి పడబోతున్నారో పూర్తిగా తెలుస్తుంటుంది. పట్టు వదలగానే బండి స్టేషన్ గుండా దూసుకుపోయి, కోబ్రా రోల్ అనే మెలికలో రెండుసార్లు, తర్వాత లూప్‌లో ఒకసారి తలకిందులై, రెండో కొస ఎక్కుతుంది. అక్కడ గొలుసు దాన్ని పట్టుకుని ఇంకా పైకి లాగుతుంది. ఇప్పుడు ముఖాలు ఆకాశం వైపు. కింద ఏముందో కనిపించదు. మళ్లీ వదిలితే అదే లూప్, అదే మెలిక, ఈసారి వెనక్కి. మొత్తం ఆరుసార్లు తలకిందులు, కానీ ట్రాక్ మీద తలకిందులు చేసే చోట్లు మూడే.

దీన్ని తక్కువ చేసి మాట్లాడే కోస్టర్ ప్రియులు ఎందరో ఉన్నారు. ప్రపంచమంతటా ఇదే నమూనా యాభైకి పైగా చోట్ల ఉందనీ, అచ్చులో పోసిన సరుకనీ, తల అటూ ఇటూ బాదుకుంటుందనీ అంటారు. భుజాల మీది పట్టీకి తల తగలడం గురించిన ఫిర్యాదులో నిజముంది. పాత నమూనా బండ్లలో అది ఇబ్బందే. అచ్చులో పోసినదన్న మాట మాత్రం రావిర్యాలలో ఎక్కేవాళ్లకు ఎలా వర్తిస్తుంది? యాభై పార్కులు తిరిగిన మనిషికి అది పాతది, నల్గొండ నుంచి మొదటిసారి వచ్చిన అమ్మాయికి కాదు. పైగా ఈ నమూనా చేసే పని చాలా తెలివైనది. మొదటి పరుగులో కన్ను ముందే చూస్తుంది, ఒళ్లు తర్వాత అనుభవిస్తుంది. రెండో పరుగులో కన్నుకు పనిలేదు. దారి అంతా తెలిసిందే అనుకున్న మెదడు దాన్ని వెనక్కి చదవలేక తడబడుతుంది. తక్కువ ఉక్కుతో, తక్కువ స్థలంలో, తెలిసిన దారినే తెలియని దారిగా మార్చడం చిన్న విద్య కాదు. నా లెక్కలో రికాయిల్ తన అంకెలకన్నా పెద్ద కోస్టర్.

ఒకే బండిలో ముందు సీటుకూ వెనక సీటుకూ ఉన్న తేడా కూడా ఈ వాదనకే సాక్ష్యం. మామూలు కోస్టర్‌లో ముందు వరుస శిఖరం దాటేసరికి బండిలో ఎక్కువ భాగం ఇంకా వెనకే ఉంటుంది కాబట్టి అది నెమ్మదిగా ఒరుగుతుంది. చివరి వరుస శిఖరం చేరేసరికి ముందు పెట్టెలన్నీ కిందికి లాగుతుంటాయి, అది ఒక్క ఊపున లాక్కుపోబడుతుంది. ముందు కూర్చుంటే చూపు, వెనక కూర్చుంటే లాగుడు. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మూత్రపిండాల నిపుణులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన కిడ్నీ నమూనాలో చిన్న చిన్న రాళ్లు పెట్టి, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో బిగ్ థండర్ మౌంటెన్ కోస్టర్ మీద తిప్పారు. ముందు సీట్లలో దాదాపు 17 శాతం సందర్భాల్లో రాయి కదిలి బయటపడితే, వెనక సీట్లలో 64 శాతం సందర్భాల్లో బయటపడింది. అది వైద్య సలహాగా తీసుకోవాల్సిన విషయం కాదు. కానీ ఒకే బండి, ఒకే వేగం, ఒకే ఎత్తు రెండు ఒళ్లకు రెండు వేరు ప్రయాణాలని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఆధారం దొరకదు. అదే డిస్నీ వరల్డ్‌లో 1975 నుంచి నడుస్తున్న స్పేస్ మౌంటెన్ మరో ఆధారం. దాని గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు, ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ మీద స్కూటీ పోయే వేగం. కానీ అది చీకట్లో నడుస్తుంది. మలుపు ఎటో తెలియదు, దిగుడు ఎప్పుడో తెలియదు. చూపు తీసేస్తే వేగం పెంచాల్సిన పనే లేకపోయింది.

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం గట్టిగా నిలబడుతుంది. ఎత్తూ వేగమూ ముఖ్యం కాకపోతే ప్రపంచంలోని పార్కులు రికార్డుల కోసం ఎందుకు పోటీపడుతున్నాయి, జనం వాటికోసమే ఎందుకు వెళుతున్నారు? అబుదాబిలోని ఫెరారీ వరల్డ్‌లో 2010లో వచ్చిన ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, ముందు కూర్చున్నవాళ్లకు కళ్లద్దాలు ఇవ్వక తప్పలేదు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు ఎందరో దాని ముందు ఫొటోలు దిగుతారు. నిజమే, రికార్డు జనాన్ని రప్పిస్తుంది. రప్పించడం వేరు, మళ్లీ మళ్లీ ఎక్కించడం వేరు. దీనికి న్యూజెర్సీలోని తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. ఎడిసన్ నుంచి వారాంతాల్లో వెళ్లిరాగలిగే సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో 2005లో కింగ్డా కా వచ్చింది. 139 మీటర్ల ఎత్తు, గంటకు 206 కిలోమీటర్ల వేగం, అప్పట్లో ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన కోస్టర్. ప్రయాణం మొత్తం అర నిమిషం లోపే. మరుసటి ఏడాది అదే పార్కులో ఎల్ టోరో అనే చెక్క కోస్టర్ వచ్చింది. 55 మీటర్ల ఎత్తు, 112 కిలోమీటర్ల వేగం, గుట్ట తర్వాత గుట్టగా ఒళ్లు సీటు మీంచి లేపే దారి. 2024లో కింగ్డా కా ను మూసేసి, 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. ఎల్ టోరో ఇంకా ఉంది. కూల్చడానికి నిర్వహణ ఖర్చు, తరచూ ఆగిపోవడం లాంటి కారణాలు ఉండి ఉండవచ్చు. ఎల్ టోరోకు కూడా ఇబ్బందులు లేకపోలేదు, 2022లో ప్రయాణికులకు దెబ్బలు తగిలి కొన్ని నెలలు మూతపడింది. అయినా ప్రపంచంలోనే మేలైన చెక్క కోస్టర్ల గురించి మాట వచ్చినప్పుడల్లా దాని పేరు చెబుతారు. కింగ్డా కా పేరు చెప్పేది ఎత్తు గురించి అడిగినప్పుడే. కొలత చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, దారి గురించి చెప్పాలంటే చాలాసేపు పడుతుంది.

రెండో అభ్యంతరం శాస్త్రం పేరుతో వస్తుంది. ఇదంతా ఎడ్రినలిన్ పని, భయపడితే ఊరుతుంది, ఊరితే హుషారు వస్తుంది, అంతకుమించి వెతకక్కర్లేదని. ఊరడం నిజం. కానీ హయత్‌నగర్ దగ్గర విజయవాడ హైవే మీద లారీ హఠాత్తుగా అడ్డొచ్చి, బైక్ మీద ఉన్న మనిషి వెంట్రుకవాసిలో తప్పించుకున్నప్పుడు కూడా అదే ఎడ్రినలిన్ ఊరుతుంది. ఆ మనిషి ఇంకోసారి కావాలని అనడు. రసాయనం ఒకటే, అనుభవాలు రెండు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త పాల్ రోజిన్ ఈ చిక్కుముడిని మిరపకాయ దగ్గర మొదలుపెట్టి విప్పారు. జంతువులు సాధారణంగా కావాలని కారం తినవు, మనిషి మాత్రం కళ్ల నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద కలుపుకుంటాడు. ఒళ్లు ప్రమాదం అని హెచ్చరిస్తుంటే, ప్రమాదం లేదని మనసుకు తెలిసి ఉండటమే ఆ రుచికి మూలమని ఆయన వివరణ. 2013లో తన సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో రోలర్ కోస్టర్‌ను, కన్నీళ్లు పెట్టించే సినిమాను ఇదే కోవలో చేర్చారు. కొత్తావకాయ అన్నం తిని ముక్కు తుడుచుకున్న తెలుగువాళ్లకు ఈ సిద్ధాంతం విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. కారం మోతాదు పెంచినంత మాత్రాన ఆవకాయ రుచి పెరగదన్నదీ మనకు తెలిసిందే.

రోజిన్ మాటలో ఒక షరతు ఉంది. ప్రమాదం లేదని మనసుకు తెలిసి ఉండాలి. ఆ నమ్మకం సడలితే మిగిలేది ఉత్త భయం. కాబట్టి మూడో అభ్యంతరం, అంటే ఇవి ప్రాణాంతకమైనవి కదా అన్నది, తోసిపుచ్చదగ్గది కాదు. 2019 జులైలో అహ్మదాబాద్‌లోని కాంకరియా దగ్గర ఊయలలా ఊగే ఒక రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2025 జనవరిలో మన నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి, అందులోని జనం తలకిందులుగా ఉండిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక పార్కులో రోలర్ కోస్టర్ నుంచి పడి ఓ యువతి చనిపోయింది. ఈ ఘటనలు కోస్టర్ అనే ఆలోచన తప్పని నిరూపించవు, దాన్ని నిర్లక్ష్యంగా నడపడం తప్పని నిరూపిస్తాయి. ట్రాక్ మీద, పక్కన, కింద మూడు వైపులా చక్రాలు పట్టుకుని ఉంటే బండి తలకిందులైనా పట్టాలు వదలదు. కింది చక్రాల ఏర్పాటుకు జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లోనే పేటెంట్ తీసుకున్నారు. వందేళ్ల నాటి ఆ చక్రం లేకపోతే తర్వాతి లూపులూ మెలికలూ ఏవీ ఉండేవి కావు. భద్రతను సరదాకు అడ్డుగా చూసేవాళ్లు ఈ చరిత్ర తెలుసుకోవాలి. పట్టీ సరిగా బిగిసిందో లేదో రెండోసారి లాగి చూసే ఉద్యోగి, ఎత్తు చాలని పిల్లవాడిని మొహమాటం లేకుండా వెనక్కి పంపే ఉద్యోగి మన ఆనందాన్ని పాడుచేయడం లేదు, దాన్ని కాపాడుతున్నారు. గుండె జబ్బు, మెడ, వెన్ను సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి రైడ్‌లకు దూరంగా ఉండాలన్న సూచన కూడా అంతే.

గంటసేపు క్యూలో నిలబడితే దక్కేది రెండు నిమిషాలేనా అన్న గొణుగుడు మిగిలింది. ఎండలో పిల్లలతో నిలబడటం కష్టమే, నీడా మంచినీళ్లూ ఇవ్వడం పార్కుల బాధ్యత. కానీ ఆ నిరీక్షణ వృథా కాదు. తల మీదుగా బండి పోతుంటే వినపడే రొద, ముందు దిగినవాళ్ల ముఖాలు, తిరిగి వెళ్లిపోదామా అన్న ఊగిసలాట, పక్కవాళ్లు ఇచ్చే ధైర్యం, ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లో భాగమే. పసిగట్టడానికి సమయం ఇస్తేనే కదా పసిగట్టినది తప్పినప్పుడు కేక వచ్చేది.

ఈ వాదన అంగీకరిస్తే ఒక పర్యవసానాన్ని కూడా అంగీకరించాలి. హైదరాబాద్‌కు తర్వాత ఏ కోస్టర్ రావాలన్న ప్రశ్నకు ఇంకా ఎత్తైనది అన్నది జవాబు కాదు. తలకిందులు చేసే ఉక్కు కోస్టర్ మనకు రావిర్యాలలో ఉంది. లేనిది, కుటుంబమంతా కలిసి ఎక్కగలిగే పొడవైన కోస్టర్. తలకిందులు వద్దు. పదిహేను ఇరవై మీటర్ల ఎత్తు చాలు. వరుసగా పది చిన్న గుట్టలు, ఒక చీకటి సొరంగం, చెట్ల మధ్యగా నేలకు దగ్గరగా సాగే దారి, నడుం మీద మాత్రమే ఆనే కడ్డీ ఉండాలి. అందులో ఎనిమిదేళ్ల పిల్లకూ యాభై దాటిన ఆమె నాయనమ్మకూ ఒకే క్షణంలో గుండె జారాలి. ఇప్పుడు మన పార్కుల్లో జరుగుతున్నది వేరు. కాలేజీ పిల్లలు పెద్ద రైడ్ ఎక్కుతారు, పసివాళ్లు చిన్న రైలు ఎక్కుతారు, ఇంటి పెద్దలు బ్యాగులూ చెప్పులూ చూసుకుంటూ బెంచీ మీద కూర్చుంటారు. టికెట్టు అందరూ కొంటారు, ప్రయాణం కొందరిదే. పార్కులు నడిపేవారికి నా విన్నపం ఇది. తర్వాతి పెట్టుబడి ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ల కోసం పెట్టండి. రావిర్యాల వెళ్లబోయే శ్రోతలకు కూడా ఒక మాట. ఆరోగ్యం అనుమతిస్తే, రికాయిల్‌ను ఒకసారి ముందు వరుసలో, ఒకసారి చివరి వరుసలో ఎక్కి, ఏది ఎందుకు నచ్చిందో మీ ఇంట్లో మాట్లాడుకోండి.